పందిదొడ్డి ఇటుకలు

ఏడో నెల మొదట్లో

కొంగల మిట్ట మీద ఇవాళ వెదురు గూటాలు పాతారు, తలకి ఎర్రగుడ్డ పీలికలు కట్టి. పెళ్ళిపందిరి అనుకుంటారేమోనని పక్కన పెద్ద రోడ్డు వస్తుందని బోర్డు కూడా పెట్టారు. ఊరి సమాధులన్నీ ఆ మిట్ట మీదే. ఎనిమిదో నెలాఖరుకి ఖాళీ చెయ్యాలట.

లూవా కూడా అక్కడే ఉంది.

అన్నం తిన్నాను. ఊరేసిన వంకాయల్లో ఉప్పు ఎక్కువైంది.

మర్నాడు

రోడ్డు కంపెనీ ఇంజనీరు వచ్చాడు. లొక్ అట పేరు. దక్షిణాది కుర్రాడు. ఎండకి టోపీ, టోపీ మీద ఇంకో టోపీ.

"తాతా, మీ ఆవిడ సమాధి అక్కణ్ణుంచి తీసెయ్యాలి."

"అడిగి చూస్తా. నా మాట ఎప్పుడు విన్నది గనక."

"తవ్వి కొత్తచోట పెట్టడమేగా?"

"నాయనా, మీ దక్షిణాదిలో మనిషిని ఒకసారి పూడ్చి చేతులు దులుపుకుంటారు. మేం అలా ఊరుకోం. మొదట పెట్టెతో పూడుస్తాం. మూడేళ్ళు నిండాక, చలి పడ్డాక తీసి, ఎముకలు సుగంధం నీళ్ళతో కడిగి, చిన్న మట్టిపెట్టెలో సర్ది మళ్ళీ పూడుస్తాం. అప్పుడు గానీ మనిషి వెళ్ళినట్టు కాదు."

"మరి ఆవిడకి మూడేళ్ళు ఎప్పుడు నిండుతాయ్?"

"పదకొండో నెలలో."

అతను ఫోన్లో ఏదో చూసుకున్నాడు. "కుదరదు తాతా. లేటవుతుంది."

"ఆవిడతో ఎప్పుడూ ఇంతే. నా పెళ్ళికి కూడా లేటుగానే వచ్చింది."

లొక్ నవ్వాడు. నేను భుజం పక్కకి వంచాను. ఇలాంటి మాటంటే లూవా తాటాకు విసనకర్రతో అదే భుజం మీద ఒక్కటిచ్చేది. భుజానికి ఇంకా తెలీదు. దానికి నాకన్నా చదువు తక్కువ.

మూడో రోజో నాలుగో రోజో

కూక్ గాడిని మా అబ్బాయి దువాన్ పిలిపించాడు. ఊళ్ళో ఎముకలు తీసి కడిగేది కూక్ ఒక్కడే. చిన్నప్పట్నుంచీ నా జత, చదరంగంలో దొంగ. వాడూ దువానూ మిట్ట మీదకి వెళ్ళి చూసొచ్చారు. భోజనాల దగ్గర కూక్ చెప్పాడు.

"అటుపక్కంతా జిగటమన్ను దువాన్. నీరు దిగదు. ఇప్పుడు తెరిస్తే ఇంకా... కడగడానికి రాదు. ఎముకకి అంటుకున్నదానికి కత్తి పెట్టాల్సొస్తుంది."

నా కొడుకు నేల చూశాడు. కోడలు మేన్ గిన్నె కింద పెట్టేసింది.

"వెదురు కత్తా, ఇనప కత్తా?" అన్నాను. "ఆవిడకి ఇనుము అచ్చిరాదు. చేప కోసిన ప్రతిసారీ వేలు తెగేది."

ఎవరూ నవ్వలేదు. కూక్ గాడు కూడా. మేన్ లేచి వంటింట్లోకి పోయింది.

నాకేం అనిపించలేదు. చేప బాగుంది.

పౌర్ణమి

దిక్కులేని ఆత్మలకి గంజి పోశాం. లూవాకి కాగితం సైకిలు కాల్చి పంపాం. ఆవిడకి సైకిలు తొక్కడం రాదు. మేన్‌తో అదే అన్నాను.

"అక్కడ నేర్చుకుంటుందిలే మావయ్యా. తీరికేగా."

ఈ పిల్లకి నా నోరు అంటుకుంది.

పౌర్ణమి వెళ్ళాక

పాత వస్తువులు తవ్వేవాళ్ళు దిగారు హానోయి నుంచి. పెద్ద రోడ్డు వేసేముందు కింద ఏముందో చూడాలట, చట్టం. కొంగల మిట్ట కింద వెయ్యేళ్ళు దాటిన సమాధులున్నాయని వీళ్ళ లెక్క. మా సమాధుల కింద ఇంకెవరివో. వాళ్ళ కింద ఇంకెవరో.

వాళ్ళ పెద్ద దియెప్ అనే ఆడమనిషి. నలభై దాటి ఉంటాయి. మగపిల్లాడి క్రాపు. మోకాళ్ళ మీద కూర్చుని కుంచెతో మట్టిని ఊడుస్తుంది.

"అమ్మాయ్, ఇల్లు కూడా ఇలాగే ఊడుస్తావా? మీ అత్త ఊరుకుంటుందా?"

"అత్త లేదు తాతా. మొగుడే లేడు."

"ఇంత నిదానంగా ఊడిస్తే ఎవడుంటాడు?"

మట్టిబెడ్డ విసిరింది. గురి బాగుంది. మంచి పిల్ల.

ఇంకో రోజు

తూర్పు చివర వాళ్ళకి చెక్కపెట్టె ఒకటి దొరికింది. ఒకటే మాను తొలిచి చేసింది. చెక్క టోఫులా మెత్తబడిపోయింది, వేలు పెడితే దిగిపోతుందట. అందుకని తెరవలేదు. చుట్టూ మట్టిని దిమ్మలా కోసి, తడిగుడ్డలు చుట్టి, పైన విరిగిన కాలికి వేసినట్టు పిండికట్టు వేసి, అడుగున పలకలు తోసి, గొలుసులు కట్టి, రోడ్డువాళ్ళ పొక్లెయిన్‌తో మట్టితో సహా లేపేశారు. నేను పొద్దుట్నుంచీ అక్కడే ఉన్నాను. వేరే పని ఏముంది.

"కొత్త సంవత్సరానికి మేం ఆకుల్లో చుట్టే అన్నం దిమ్మలా కట్టారు. లోపల పంది మాంసం పెట్టారా, పప్పేనా?"

"లోపల ఎవరున్నారో మాకూ తెలీదు తాతా. ఇక్కడ తెరిస్తే పాడైపోతారు. తీసుకెళ్ళి, అన్నీ కుదిరాక, వాళ్ళకి ఇష్టమైనప్పుడు తెరుస్తాం."

వాళ్ళకి ఇష్టమైనప్పుడట.

ఏమీ లేదు

వాన.

నెలాఖరు

దియెప్‌తో టీ తాగాను. పడమటి వైపు చూడరా అని అడిగాను. ఊరికే అడిగాను. లూవా ఉన్నది పడమటి వైపు.

"గొయ్యి తవ్వి చూశాం తాతా. ఏమీ లేదక్కడ. ఎల్లుండి ఆ భాగం రోడ్డువాళ్ళకి అప్పజెప్పేస్తున్నాం."

"పొరపాటున ఏదైనా కనబడితే?"

"కనబడితే ఆపాల్సిందే. పాతకాలం ఇటుక సమాధి గానీ తగిలిందంటే రెండు మూడు నెలలు మిషను అటు తిరగదు."

ఇంటికొచ్చి పందిదొడ్డి గోడ చూశాను. మా తాత కట్టింది. పొలం దున్నినప్పుడు నాగలికి తగిలిన పాతకాలం సమాధుల ఇటుకలు. పక్కల మీద వల అచ్చేసినట్టు గళ్ళు ఉంటాయి. ఊళ్ళో సగం పందిదొడ్లు ఆ ఇటుకలవే. మా పంది రాజుల సమాధిలో పడుకుంటుందని చిన్నప్పుడు మాస్టారితో అని దెబ్బలు తిన్నాను.

ఊరికే చూశాను.

మర్నాడు

సరదాకి చేశాను. తవ్వకాల పిల్లలు పాపం ఏమీ దొరక్క దిగాలుగా ఉన్నారు, వాళ్ళకి కాస్త ఉత్సాహం కోసం.

గోడలో కొన్ని ఇటుకలు ఊడదీశాను. కంపు. సబ్బుతో తోమినా పంది కంపు పోలేదు. బీరువాలో లూవా కోసం ముందే కొని పెట్టిన పొట్లం ఉంది. అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగం, ఇంకేవో వేళ్ళు. నీళ్ళు కాచి అది వేసి కడిగాను. మట్టిలోంచి వచ్చినదాన్ని కడగాలంటే మా చేతులకి తెలిసింది అదొక్కటే. వాటంతట అవే కడిగాయి. ఒక్కోటీ తుడిచి, తలవైపు తలవైపు పెట్టి ఆరబెట్టాను. ఇటుకకి తలెక్కడ. నవ్వొచ్చింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక తవ్వకంవాళ్ళు, రోడ్డువాళ్ళు అందరూ ఉయ్యాల గుడ్డల్లో మొహాల మీద టోపీలు పెట్టుకుని పడుకుంటారు. బాంబు పడ్డా లేవరు. పడమటి గొయ్యిలోకి దిగి ఇటుకలు మట్టిలో కుక్కి, పైన కాళ్ళతో తొక్కి వచ్చేశాను. లూవా పక్కనే. ఆవిడ కళ్ళముందే.

"చెప్పకు," అన్నాను.

సరదాకే.

ఎనిమిదో నెల, నెలవంక

దొరికాయి! పిల్లలు కేకలు. లొక్ రెండు టోపీలూ తీసి నెత్తి పట్టుకున్నాడు. పొక్లెయిన్ నడిపే తోవాన్ మిషను ఆపేసి, దాని చెయ్యికే ఉయ్యాల కట్టుకుని పడుకున్నాడు.

దియెప్ ఒక ఇటుక చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడింది. మొహానికి దగ్గరగా పెట్టుకుంది. గీతలు చూస్తోంది కాబోలు.

"మా ఆవిడకి పక్కింటివాళ్ళు దొరికారన్నమాట," అన్నాను. "పేచీకోరు మనిషి అని వాళ్ళకి ముందే చెప్పు."

దియెప్ తవ్వండి అంది పిల్లలతో.

రాత్రి నిద్ర పట్టింది. చాన్నాళ్ళకి.

ఏమీ లేదు

తవ్వుతున్నారు.

ఏమీ లేదు

తవ్వుతున్నారు. దువాన్ కూక్‌కి కబురు పంపాడు, ఇప్పుడే వద్దు అని. మేన్ గుడ్డు వేయించింది.

ఎనిమిదో నెల, పౌర్ణమి ముందు

పంది పారిపోయింది. ఇటుకలు తీసిన కంతలో గడ్డి కుక్కాను. అది ఆ గడ్డి తినేసి కంతలోంచి బయటపడింది. వెధవ పంది ఊరంతా వదిలేసి తిన్నగా పడమటి గొయ్యికే పోయింది.

సాయంత్రం దియెప్ దానికి తాడు కట్టి తోలుకొచ్చింది. దొడ్డి దగ్గర ఆగింది. గోడ ఇటుకల మీద గళ్ళని వేలితో తడిమింది.

"ఇక్కడ కంత ఎందుకుంది తాతా?"

"పందికి గాలాడాలని."

సంచిలోంచి ఇటుక తీసి నా ముక్కు కింద పెట్టింది. "వాసన చూడండి."

చూశాను.

"వెయ్యేళ్ళు దాటిన సమాధి. అనాసపువ్వు వేసి కాచే ఫో సూపు దుకాణంలా ఘుమఘుమలాడుతోంది. మా పిల్లలకి మొదటి రోజే ఆకలేసింది."

"ఆ కాలంలో మాత్రం తిండి తినేవాళ్ళు కాదా?"

నవ్వలేదు. పక్కనే గొంతుక్కూర్చుంది.

"మొదటి రోజే తెలిసిందా?" అన్నాను.

"చేతిలోకి తీసుకోగానే."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు తవ్వావ్?"

"కింద నిజంగానే ఏదైనా ఉంటుందేమోనని. ఉండాలని కోరుకున్నా తాతా. లేదు. రేపు లేదని రాసెయ్యాలి. లేనిదాన్ని ఉందని రాయలేను. ఒక్కసారి రాశానంటే ఇంకే ఊళ్ళో ఆపమన్నా ఎవడూ ఆపడు."

"రాయి. సాక్షి సంతకానికి పంది ఉంది."

"ఎందుకు చేశారు?"

"సరదాకి."

దొడ్డి మూల పొట్లం కాగితం పడి ఉంది. తీసింది. దానిమీద మందుల కొట్టువాడు చచ్చినవాళ్ళకి వాడేదని పెద్ద అక్షరాలతో అచ్చేయించాడు, ఎవరూ కూరలో వేసుకోకుండా. చదివింది.

"తాతా, ఇది ఎవరికోసం కొన్నారు?"

పంది అరుస్తోంది. తవుడు కలపాలని లేచాను.

పౌర్ణమి

పిల్లలు కాగితం దీపాలు పట్టుకుని తిరిగారు. పడమటి గొయ్యి పూడ్చేశారు. ఇటుకలు ఎక్కడినుంచో వరదకి కొట్టుకొచ్చినవని దియెప్ రాసిందట. నా పేరు గానీ పంది పేరు గానీ లేదు.

రోడ్డువాళ్ళు గడువు మళ్ళీ చెప్పారు. నెలాఖరు.

దువాన్ కూక్‌తో రోజు ఖాయం చేసుకున్నాడు.

"నాన్నా, ఆ రోజు నువ్వు రావద్దు."

"సరే."

అంతకుమించి మాట రాలేదు. నాకు!

ఏమీ లేదు

ఏమీ లేదు.

తర్వాత

కూక్ గాడు చదరంగం పట్టుకొచ్చాడు. నేను గెలిచాను. మళ్ళీ ఆడాం. మళ్ళీ గెలిచాను. వీడు పుట్టినప్పట్నుంచీ నన్ను గెలవనివ్వలేదు. పావులు నేనే విసిరేశాను.

"నీ కత్తికి పదును పెట్టావా?" అన్నాను.

"పెట్టాను." పావుల కోసం వంగి, "మెత్తగానే చేస్తాన్రా," అన్నాడు.

వాడు పావులు ఏరుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను. కాళ్ళు తిమ్మిరెక్కాయి. తిమ్మిరి దిగలేదు.

ఎనిమిదో నెల చివర్లో

దియెప్ వచ్చింది, లొక్‌ని వెంటబెట్టుకుని. దువాన్, మేన్, కూక్ అందరూ ఉన్నారు. టీ పోసుకోకుండానే మొదలెట్టింది.

"తెరవొద్దు. మట్టితో సహా లేపుదాం, ఆ చెక్కపెట్టెని లేపినట్టు. అలాగే కొత్తచోట దించేద్దాం. టైమొచ్చాక మీరు తెరుచుకోండి."

కూక్ తొడ చరిచాడు. "నలభై ఏళ్ళుగా తీస్తున్నా ఈ చేతుల్తో. మట్టిముద్దకి పాడె కట్టడం ఎక్కడా వినలేదు."

"కొత్త శ్మశానంవాళ్ళు ఒప్పుకోవద్దా?" అన్నాడు దువాన్.

"ఓ మూల చోటు నేను మాట్లాడతా," అన్నాడు లొక్. "నాకు నేల ఖాళీ అవ్వాలి, అంతే. మిషను కూడా ఇస్తా." ఆగి, "మా అమ్మమ్మ ఇలాగే ఉండేది," అన్నాడు. ఎలాగో చెప్పలేదు. లూవాని చూడనే లేదు వాడు.

దియెప్ నా వైపు తిరిగింది. "ఒకటి తాతా. అడుగున చెక్క ఎలా ఉందో తెలీదు. పైకి లేపేటప్పుడు విరిగిందనుకోండి, అందరిముందూ, పట్టపగలు... విరగదని మాటివ్వలేను."

మేన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎముకకి ఎండ తగలకూడదు మాకు.

అందరూ నన్నే చూస్తున్నారు. ఏదో ఒకటి అందామని చూశాను.

"ఆవిడకి ఇష్టమైనప్పుడు తెరవచ్చా?" అన్నాను చివరికి.

"ఆవిడకి ఇష్టమైనప్పుడే తాతా."

"అయితే కట్టండి."

ఆ మర్నాడు, దాని మర్నాడు

రెండు రోజులు పట్టింది. దియెప్ పిల్లలు జీతం లేని సెలవు పెట్టుకుని వచ్చారు. చుట్టూ కందకం తవ్వారు. లూవా మధ్యలో దీవిలా మిగిలింది. తడిగుడ్డలు చుట్టారు. పిండికట్టు కలిపి పూశారు. నేనూ పూశాను. గోడకి సున్నం వేసినట్టు వెయ్యకండి తాతా, అద్దండి అంది దియెప్. అద్దాను.

తోవాన్ పొక్లెయిన్ పళ్ళ సందున అగరొత్తులు గుచ్చి దండం పెట్టాడు. "బామ్మా, నేను నెమ్మదిగా ఎత్తుతా. కళ్ళు తిరిగితే చెప్పు."

మట్టిముద్దకి పాడె కట్టనన్న కూక్ గాడే నల్లగొడుగు తెచ్చి ఎండకి అడ్డంగా పట్టుకున్నాడు. "నీకోసం కాదు," అన్నాడు నాతో.

గొలుసులు బిగిశాయి. దిమ్మ కదిలింది. ఒక మూల చిట్లింది. తడిమట్టి పెద్ద పెళ్ళ ఊడి కిందపడింది.

"ఆపు!" అని అరిచింది దియెప్. తోవాన్ ఆపాడు. అది గాల్లో ఊగుతోంది. దియెప్ బురదలో పొట్ట మీద పడుకుని దాని అడుక్కి తలపెట్టింది. కూక్ గొడుగు ఇంకా కిందికి దించి పట్టాడు. మేన్ నా చొక్కా పట్టుకుంది. ఎంతసేపో తెలీదు.

"మట్టే," అంది కిందనుంచి. "ఒట్టి మట్టే. పెట్టె ముట్టుకోలేదు. ఎత్తు."

దిమ్మ పైకి లేచింది. లూవాకి నిచ్చెనంటే భయం. బీరువా మీద డబ్బా కూడా నేనే తీసిచ్చేవాణ్ణి. ఇప్పుడు వెదురు పొదలకన్నా ఎత్తులో, తెల్లగా, నీళ్ళు కారుతూ.

"ఉడికిందో లేదో అని మధ్యలో విప్పకండి," అన్నాను గట్టిగా.

తోవాన్ పకపకా నవ్వాడు. మేన్ నవ్వింది, ఆ తర్వాత ఏడ్చింది. దువాన్ లారీ పక్కన కొత్త శ్మశానం దాకా నడిచే వచ్చాడు, దిమ్మ అడుగున చెయ్యి ఆనించి, తనే మోస్తున్నట్టు.

నాకేం అనిపించలేదు. వేళ్ళకంటిన పిండికట్టు ఎండి బిర్రబిగిసింది. అన్నం చెంచాతో తిన్నాను.

తొమ్మిదో నెల

తవ్వకంవాళ్ళు వెళ్ళిపోయారు. దియెప్ పందిదొడ్డి ఇటుకలు తిరిగి పంపింది. ఒకటి తక్కువ. ఫోన్ చేసి అడిగాను.

"ఉంచుకున్నా తాతా. బయట తిండి దొరకనప్పుడు వాసన చూడ్డానికి."

కంత పూడ్చాను. పందికి నచ్చలేదు.

పదో నెల

రోడ్డు దుమ్ము. కొంగల మిట్ట లేదు. అటు చూస్తే చదునుగా ఉంది. చూడ్డం మానేశాను.

పదకొండో నెల

తెల్లవారుజామున వెళ్ళాం, ఎండ రాకముందు. పైన పట్టా కట్టారు. చలి. పిండికట్టు కూక్ గాడే పగలగొట్టాడు. పెట్టె మూత తీసి దీపం దగ్గరగా పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నడుముకున్న కత్తి తీసి, గుడ్డలో చుట్టి, వెనక్కి విసిరేశాడు.

"శుభ్రంగా ఉంది మీ అమ్మ," అన్నాడు దువాన్‌తో.

కొత్త పొట్లం కొన్నాను. మేన్ నీళ్ళు కాచింది. కూక్ ఒక్కొక్కటే అందించాడు, పాదాల నుంచి. దువాన్ కడిగాడు. తల వచ్చినప్పుడు నేనిటు ఇవ్వమన్నాను. వద్దు నాన్నా అన్నాడు దువాన్. ఇవ్వన్నాను.

చాలా తేలిక. పళ్ళలో ఒకటి లేదు. చెరకు నమలొద్దంటే విన్నదా. వేడినీళ్ళు పోశాను. ఆవిరి లేచింది. అనాసపువ్వు, దాల్చినచెక్క.

"ఏమే," అన్నాను. "ఫో దుకాణం పెట్టావా?"

అనేసి, అలవాటుగా భుజం వంచి కూర్చున్నాను.

దెబ్బ పడలేదు.

వంచిన భుజం వంచినట్టే ఉంచి చూశాను. కూక్, దువాన్, మేన్ ఎవరూ కదల్లేదు. దీపం ఒక్కటే కదిలింది.

మా ముసల్ది చచ్చిపోయింది.

చేతిలో నీళ్ళు చల్లారిపోతుంటే మేన్ ఇంకో చెంబు వేడివి తెచ్చి నా పక్కన పెట్టింది. కళ్ళు కనబడక మొదట ఒలకబోశాను. తర్వాత కడిగాను.